నాయనకు చప్పిడి కూడు

మా చిన్నప్పుడు... తమిళనాడులోని మా రాజపాళయంలో డాక్టరు గారు చెక్కపెట్టె తెరిచి, మా నాయన జబ్బకు గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కుతుంటే గాజు గొట్టంలో పాదరసం పైకి ఎగబాకేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అది ఎంత పైకి పోతే నాయనకు అంత బలమని సంబరపడేదాన్ని... బుద్ధిలేనిదాన్ని!

రక్తపోటు అన్న మాట మాకు తెలియదు. ఊళ్లో అందరూ తమిళంలో "రత్తకొదిప్పు" అనేవాళ్లు, రక్తం ఉడుకుతోందని. నాయన పత్తిచేలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాడు. తలనొప్పికి తట్టుకోలేక తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు.

ఇప్పటిలా మాత్రలు లేవు. పని తగ్గించాలి, ఉప్పు పూర్తిగా మానాలి, లేకపోతే మనిషి దక్కడని డాక్టరు గారు తేల్చి చెప్పారు.

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి అమ్మ కూడా వచ్చింది. పాదరసం ఏమాత్రం దిగలేదు... డాక్టరు గారికి కోపం వచ్చింది.

"ఉప్పు వద్దంటిని కదప్పా! మళ్లా ఏమిటికి తింటివి?"

"సత్తియంగా తినలేదు సామీ" అన్నాడు నాయన. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

తలుపు పక్కన నిలబడ్డ అమ్మ ఏడ్చేసింది. "నేనుదా... నేనే వేసినాను సామీ... సగానికి సగం తగ్గించి వేసినాను. ఉప్పు లేని కూడు మా ఇండ్లల్లో చచ్చినోళ్లకు పెట్టేది. బతికుండే మనిషికి నా చేత్తో ఎట్ట పెట్టేది?"

పాపం నాయన, ఆ సగం ఉప్పు కూటినే పత్యమనుకుని నెలంతా తిన్నాడు. డాక్టరు గారు మరి తిట్టలేదు. పెట్టె మూసి, "ఆయన బతికేది మీ చేతిలోదా ఉండాది అమ్మా" అన్నారు.

ఆ మధ్యాహ్నం అమ్మ ఒక్క రవ్వ ఉప్పు కూడా వేయకుండా వండింది. మా ఇంట్లో మగవాళ్లకంటే ముందు ఆడవాళ్లు ముద్ద ముట్టే అలవాటే లేదు. అలాంటిది, నాయన ఆకు ముందు కూర్చుని చూస్తుండగానే కుండలోంచి ఒక ముద్ద తీసి తను నోట్లో పెట్టుకుంది.

"నేను తిన్నాను. ఇంక ఇది బతికుండేవాళ్ల కూడుదా. తినండి."

నాయన తల వంచుకుని తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది... ఎందుకో అప్పుడు తెలియలేదు.

తర్వాత ఐదేళ్లు బతికాడు నాయన. ఆ ఐదేళ్లూ అమ్మ ఆయనతోపాటు చప్పిడే తింది. పిల్లలం ఊరగాయ నంజుకుంటుంటే అటు చూసేది కూడా కాదు.

ఇప్పుడు మనవడు బటన్ నొక్కి క్షణంలో నా బీపీ చెప్పేస్తాడు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర... భయం లేదు. నా చప్పిడి కూర చిన్న గిన్నెలో వేరుగా మూతపెట్టి ఉంటుంది. ఇంట్లోవాళ్ల తప్పేం లేదు, నాకోసం అందరూ నోరెందుకు కట్టుకోవాలి?

మీ ఇళ్లల్లో ఎవరికోసమైనా ఎవరైనా ఉప్పు మానేశారా? ఉంటే రాయండి... మనవరాలితో చదివించుకుంటాను. నా గిన్నె మాత్రం నేనొక్కదాన్నే ఖాళీ చేస్తున్నాను.