మా హాల్టులో ఆగే బండి

మా ఊరి రైల్వే హాల్టుకు స్థలం ఇచ్చింది ఎవరి తాత అన్న తగువు మా ఇళ్ళలో ఇంకా తెగలేదు. మా పెదనాయన చెప్పేదాని ప్రకారం మా తాతే. పట్టాలు వేయించడానికి వచ్చిన తెల్లదొరకు ఎండలో చెంబుడు మజ్జిగ ఇచ్చాడట, దొర మూతి తుడుచుకుని "బండి ఇక్కడ నిలవాలి" అన్నాడట. ఎదురింట్లోనూ ఇదే కథ. మజ్జిగ బదులు కొబ్బరినీళ్ళు, మా తాత బదులు వాళ్ళ తాత. రైలును ఇంత చవగ్గా కొనేసిన ఆ తాతల మనవలు ఒక్కరూ ఆ రైలు ఎక్కరు. ఇంటింటికీ కారుంది. బండి కూత వినిపిస్తే చాలు, "మన బండి వచ్చింది" అని వాకిట్లో కూర్చుని మీసం దువ్వుకుంటారు.

కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి వైపు కొబ్బరితోపుల మధ్య పోయే చిన్న లైను మాది. ఒకప్పుడు సన్నపట్టాలు. వాటిని పీకి వెడల్పు పట్టాలు వేస్తామని బండ్లు ఆపేశాక, ఏళ్ళ తరబడి ఆ దారిలో మేకలు మేశాయి. బండి తిరిగి వచ్చేసరికి పెట్టెలు ఎత్తు పెరిగాయి. మా ప్లాట్‌ఫారం మాత్రం మా తాతల నాటి ఎత్తులోనే ఉండిపోయింది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాల్సిందే.

హాల్టు అంటే స్టేషన్ కాదు. స్టేషన్ మాస్టర్ ఉండడు, సిగ్నల్ ఉండదు. కమీషన్ మీద పనిచేసే ఒక ముసలాయన పక్క స్టేషన్‌కు పోయి టికెట్ల కట్ట తెచ్చుకుని, పావురాల గూడంత గదిలో కూర్చుని అమ్ముతాడు. బండి ఒక నిమిషం నిలుస్తుంది. గార్డు అటూ ఇటూ చూసి పచ్చజెండా ఊపుతాడు. అంతే సంబరం.

నేను కోయంబత్తూరు పీలమేడులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. కారు నడపాలంటే నాకు గుండెదడ, అందుకని పొద్దుటి బండి ఎక్కేదాన్ని. మా ఇళ్ళవాళ్ళలో ఆ బండి ఎక్కే పిచ్చిది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా కాలనీవాళ్ళు. కాలనీ అంటే మిద్దెలూ పార్కులూ అనుకునేరు, ఊరికి ఎడంగా పెట్టిన వీధికి మా వైపు ఊరు ఇచ్చిన మర్యాద పేరు అది.

అందులో ఒక అక్క ఉండేది. పీలమేడులోనే ఒక హాస్టల్ వంటింట్లో పని. మా ఊరికి మొదటి బస్సు వచ్చేవేళకు ఆమె అక్కడ ఇడ్లీ రేకులు కడిగేసి ఉండాలి. ఈ బండి ఉంటేనే ఆ పని, ఆ పని ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి. రోజూ ఆలస్యమే. సోళచేను, అదే జొన్నచేను, గట్టు మీద నుంచే కేక వేసేది.

"ఓ గార్డు సారూ! రవ్వంత ఉండప్పా! కాళ్ళతో వస్తుండాను, రెక్కలు లేవు నాకు!"

ఆ గార్డుది పాలక్కాడు, తెలుగు ముక్క రాదు. అయినా ఎత్తిన జెండా దించి నవ్వుతూ నిలబడేవాడు. ఆమె ఎక్కి నా పక్కన కూలబడి, "చూస్తివా అమ్మణ్ణీ, మనిషంటే వాడే" అని సర్టిఫికెట్ ఇచ్చేది.

ఇలా ఉండగా, ఎక్కేవాళ్ళు తక్కువున్న హాల్టులు తీసేస్తారన్న మాట పుట్టింది. ఊరి అభిప్రాయం తెలుసుకునే పని కొత్తగా వచ్చిన రైల్వే ఆఫీసరుకు పడిందట. ఆ ఆఫీసరుది రాజమండ్రి వైపట! ఇంకేం, తరతరాలుగా తమిళనాట ఉండిపోయిన తెలుగువాళ్ళం, మా ఇళ్ళలో పండగే పండగ. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే" అని పెదనాయన తొడ చరిచాడు. అయిదుగురు పెద్దలు గంజిపెట్టిన పంచెలు కట్టుకుని రెండు కార్లలో బయలుదేరారు. ఇంగ్లీషు కావాల్సి వస్తుందేమోనని నన్నూ ఎక్కించారు. అయినా సీటు మిగిలితే దాంట్లో పండ్ల పళ్ళేన్ని కూర్చోబెట్టారు.

"నువ్వు నోరు తెరవొద్దు అమ్మణ్ణీ," అన్నాడు పెదనాయన దారిలో. "తెలుగోడి కాడ ఇంగిలీసేందుకు?"

హాల్టు తీయొద్దని తమిళంలో రాయించుకున్న అర్జీ కూడా ఆయన జేబులోంచి బయటికి రాలేదు. తెలుగోడి కాడ తమిళమేందుకు?

ఆఫీసరు మంచివాడే. మా తెలుగు విని మురిసిపోయాడు. "ఎన్నాళ్ళయిందండీ మీరిక్కడికి వచ్చి?" అన్నాడు.

"నాలుగైదు నూరేండ్లు ఆయ సార్. సీమ విడిచినా బాస విడవలేదు మేము," అన్నాడు పెదనాయన, ఆ నూరేళ్ళూ తానే కాపలా కాసినట్టు.

కాఫీలు వచ్చాయి. గోంగూర మీద కాసేపు, గోదావరి మీద కాసేపు మాట నడిచింది. హాల్టు ఊసు ఎవరూ ఎత్తరే! అడగడమంటే మావాళ్ళకు తలకొట్టేసినంత పని. చివరికి పాపం ఆయనే అడిగాడు.

"మరి ఆ హాల్టు సంగతి ఏం చేయమంటారు?"

పెదనాయన కండువా సర్దుకుని, రాజ్యం దానం చేసేవాడిలా అన్నాడు. "మాకేమీ అవసరం లేదు సార్. మీ వీలు చూసుకొని చేయండి."

ఆఫీసరు తెల్లబోయాడు. "నిజంగానా? అందరి మాటా అదేనా?"

"అదే, అదే! అవసరమే లేదు!" అయిదు తలలూ ఊగాయి.

"మీలాంటి పెద్దమనుషులు ఎక్కడుంటారండీ!" అని ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆయన వినయానికి మావాళ్ళు దారి పొడుగునా మురిశారు.

తర్వాత కొన్నాళ్ళకు పక్క స్టేషన్ మాస్టర్ ఫోన్ చేశాడు. కొత్త టైంటేబుల్లో మా హాల్టు లేదు. "నీంగళే వేండాన్ను సొల్లీట్టీంగళామే" అన్నాడాయన. మీరే వద్దని చెప్పేశారటగా అని.

పెదనాయన ఇంతెత్తున లేచాడు. "ఎవుడు చెప్పినాడు వద్దని?"

మా కాలేజీలో గుంటూరు నుంచి వచ్చిన ఒక లెక్చరరు ఉండేది. జరిగింది జరిగినట్టు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఇళ్ళలో అవసరం అంటే తొందర. చుట్టూ ఉన్న తమిళం మాకు అలా నేర్పింది. మాకేమీ తొందర లేదు, నిదానంగా చేయండి అన్నాడు మా పెదనాయన. మాకు ఆ హాల్టే అక్కర్లేదు అని విన్నాడు ఆఫీసరు. ఆమె నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పుస్తకాల తెలుగు చదవడం రాయడం నేను ఆ మంట మీదే నేర్చుకున్నాను.

ఒక్కదాన్నే ఆఫీసరు దగ్గరికి పోయి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన లబలబలాడాడు. "అయ్యయ్యో! మీ పెద్దలు మాట పొరపాటని ఒక్క ముక్క రాసిస్తే మళ్ళీ పైకి పంపుతానండీ" అన్నాడు. పరుగున ఇంటికొచ్చి పెదనాయన ముందు కాగితం పెట్టాను.

"నాలుగు నూరేండ్లు కాపాడిన తెలుగు తప్పని వాడి కాడ ఒప్పుకోమంటావా?" అన్నాడు. "వానికే తెలుగు రాదు. నేను రాసియ్యను."

మిగతా నలుగురూ అదే పాట. ఛీ, ఏం మనుషులు! హాల్టు పోయినా ఫరవాలేదు, పరువు నిలవాలి. తొందర లేనివాళ్ళకు బండితో ఏం పని?

టైంటేబుల్ మారిన పొద్దున కాలనీవాళ్ళు టిఫిన్ డబ్బాలతో ఎప్పటిలాగే నిలబడ్డారు. వాళ్ళకు చెప్పాలని ఎవరికి తోచింది గనక? నాకైనా అక్కడ వాళ్ళను చూశాకే తోచింది, చెప్పేలోపే బండి కూత వేసుకుంటూ వెళ్ళిపోయింది. నాకేం, స్కూటరు కొనుక్కుని గుండెదడతోనే నడిపాను. ఆ అక్క రెండు బస్సులు మారి ఏ వేళకో చేరేది. వారం తిరక్కుండా హాస్టల్‌వాళ్ళు ఆమె చోట వేరొకామెను పెట్టుకున్నారు.

పని పోయిన మర్నాడు మా పెదనాయన వాకింగ్ నుంచి వస్తుంటే ఆమె దారిలో నిలబెట్టింది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఏమి సామీ, మన బండి యాల నిలవకుండా పోతుండాది?"

ఆయన జరిగిందంతా చెప్పాడు. తప్పంతా ఆంధ్రావాడిదే అన్నాడు. ఆమె ఆసాంతం విని అడిగింది.

"తెలుగులో మాట్లాడను పోయినారా సామీ? మాలో ఒక్కరిని పిలిచింటే ఏమి? మేమూ ఇంట్లో తెలుగే గదా మాట్లాడేది. నిలవకుంటే నా కూడు పోతుందని నేను చెప్పనా?"

పెదనాయన ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత ఆమెకు తమిళంలో జవాబిచ్చాడు.

"సరి సరి, పాక్కలామ్."

చూద్దాంలే అని.