సిద్దిపేట దారిలో దొప్పెడు కల్లు

ఉదయం ఏడున్నరకి సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సెక్కాం. పొద్దున వెళ్ళేవాళ్ళు ఎడమవైపు సీటు చూసుకోండి, ఎండ తగలదు.

మా వియ్యంకుడు పోయారు. మేం వెళ్ళింది పిట్టకు పెట్టే రోజుకి. అంటే పోయినవారికి ఇష్టమైనవన్నీ పొలంలో పెట్టి, కాకి ముట్టాక బంధువులంతా కలిసి తినాలి. ఆయనకి ఇష్టమైన వాటిలో కల్లు కూడా ఉంది. నా భయమంతా దాని గురించే. మా ఆయన తాగుడు మాని ఏడాదైంది. కాలేయం చెడిపోయింది, మళ్ళీ మొదలుపెడితే దక్కడని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

మా తెనాలి వైపు తాగుడంటే నల్ల కవరు, గడియ వేసిన గది. ఊరంతా తెలిసినా ఎవరికీ తెలియనట్టే నడవాలి. అందుకే వియ్యాలవారికీ చెప్పలేదు. పరువొకటి ఏడిసింది కదా!

శామీర్‌పేట దాటాక పక్క సీటతను మాట కలిపాడు. సౌదీలో డ్రైవరుగా చేసి వచ్చాడట.

"గాడ తాగితే జైలే అమ్మా. రెండేండ్లు చుక్క ముట్టలే. మానేసిన అనుకున్న. ఇంటికొచ్చినంక ఒక్క దావత్‌ల జరంత తాగిన, గంతే, మళ్ళ మొదలైంది" అని నవ్వాడు.

మా ఆయన కూడా నవ్వారు. నేను మాత్రం కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

పదింటికి సిద్దిపేటలో దిగి, టీ తాగి, ఆటోలో చిన్నకోడూరు దగ్గరున్న వాళ్ళ ఊరు చేరాం. పొలంలో విస్తరి పెట్టి అందరూ కాకి కోసం ఎదురుచూస్తుంటే, అది రాకపోతే బాగుండునని మొక్కుకున్నాను. పాపమే. అది వచ్చింది, ముట్టింది.

ఆడా మగా ఒకే బంతిలో కూర్చున్నారు. ముసలమ్మలు కూడా మోదుగాకు దొప్పలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మా వియ్యపురాలు ఏడుస్తూనే అందరికీ కల్లు పోస్తోంది.

"ఆయనకి అలవాటు లేదు వదినా" అన్నాను.

"అలవాటు లేకున్నా గియ్యాల ముట్టాలె వదినా. సచ్చినాయన మనసు కష్టపడతది. తీస్కో అన్నా" అని మా ఆయన దొప్ప నింపింది.

ఆయన దొప్ప ఎత్తారు. పెదవుల దాకా వెళ్ళింది. ఎదురుగా మా అమ్మాయి తెల్లబోయి చూస్తోంది. నేను ఆ దొప్ప లాక్కుని గటగటా తాగేశాను. తర్వాత నాది కూడా. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

నవ్వుతారనుకున్నాను. వియ్యపురాలు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఎవలు తాగితే ఏంది, ఒక్క ఇల్లే గదా" అంది. మా ఊళ్ళో అయితే నన్ను మూడు తరాలు చెప్పుకునేవారు.

నాలుగింటికి తిరుగు బస్సు. తల తిరుగుతున్నా, నోరంతా కల్లు వాసన కొడుతున్నా, గండం గడిచిందన్న ధీమాతో కూర్చున్నాను. ఒకచోట దాస్తారు, ఒకచోట జైల్లో పెడతారు, ఒకచోట బంతిలో పోస్తారు. వదలలేని మనిషికి మాత్రం ఎక్కడైనా ఒకటేనని ఆ బస్సులోనే తెలిసింది.

ప్రజ్ఞాపూర్ దాటాక మా ఆయన నా వైపు జరిగారు. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురిలో అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. కళ్ళు మూసుకుని, మొహం నా మొహం దగ్గర పెట్టారు.

"ఏవండీ?" అన్నాను.

"మాట్లాడు" అన్నారు, గట్టిగా ఊపిరి పీలుస్తూ. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

కొంగు నోటికి అదిమి పట్టుకున్నాను. సికింద్రాబాద్ వచ్చేదాకా తియ్యలేదు.