ఇసుక చెయ్యి

ఈల ప్రభాకరరావంటే టెక్కలి నుంచి సోంపేట దాకా బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలందరికీ హడల్. పలాసలో ఓ ప్రైవేటు బడిలో వ్యాయామ మాస్టారు, పోటీలొస్తే రిఫరీ. నలగని చొక్కా, మెడలో నల్ల ఈల. జనం ఆయన్ని ధర్మరాజంటారు. నా నోట ఆ మాట చచ్చినా రాదు.

ఆయనదీ మా వజ్రపుకొత్తూరు పక్క ఊరే. సాయంత్రాలు కొబ్బరి తోటల మధ్య ఇసుక జాగాలో ఆడపిల్లలకు ఊరికే ఆట నేర్పేవాడు. దేవుడిలాంటి మనిషనుకున్నాను. ఇసుక మీద బంతి సరిగ్గా లేవదు కదా, దానికి ఉపాయం కూడా ఆయనే చెప్పాడు.

"అరసెయ్యి కిందెట్టి లేపండే. ఇసకలో ఇదే దారి."

పిల్లల చేతులకు అదే అలవాటైంది. వాళ్లలో పావని చురుకు. జిల్లా జట్టులో చోటొస్తే దానికి క్రీడా హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు. రాకపోతే తల్లి ధనలక్ష్మి వెంట పలాసకు జీడిపిక్కల పనికి. ఇంట్లో ఆ మాట ముందే తేల్చేశారు.

మా బడికి వ్యాయామ మాస్టారు లేడు. లెక్కలు చెప్పుకునే నేనే పిల్లల్ని ఎంపిక పోటీలకు టెక్కలి తీసుకెళ్లాను. అక్కడ సిమెంటు కోర్టు. రిఫరీని చూడగానే పావని ఎగిరి గంతేసింది.

"ఓలమ్మో, మన మాస్టారే టీచర్!"

మొదటి ఈల దాని మీదే పడింది. బంతి కొడుతూ పోతుంటే చెయ్యి కిందికెళ్లి, బంతి అరచేతిలో ఆగిందట. తప్పు, బంతి అవతలి జట్టుకివ్వాలి. కాసేపటికి మళ్లీ ఈల. మళ్లీ. అవతలి పిల్లల చేతులూ కిందికి జారుతున్నాయి, నా కళ్లారా చూశాను, వాళ్లకు మాత్రం ఈల లేదు. ఇదేం న్యాయమని అడిగితే నవ్వాడు.

"బంతి ఆగిందా నేదా అన్నది నేను సూసే సూపు, ఫ్లోరెన్సు టీచరుగారూ."

పక్కనే కుర్చీలో రాష్ట్రస్థాయి రిఫరీల్ని ఎంచడానికొచ్చిన పెద్దమనిషి కూర్చున్నాడు. తన దగ్గర నేర్చుకున్న పిల్లనైనా వదలడని ఆయనకు తెలియాలి. అదీ ధర్మరాజు సంగతి!

ఆఖర్న ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. పావని బంతి లాక్కుని పరిగెత్తింది. ముందు ఎవరూ లేరు. బుట్ట దగ్గరికి చేరేలోపు ఈల! పావని బంతిని గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

"మాస్టారూ, మీరు నేర్పినట్టే కొట్టాను కదా!"

"బంతియ్యి," అన్నాడు. అంతే.

చెయ్యి పాడైపోయింది, ఇక దిద్దలేమని జట్టు ఎంచేవాళ్లు పావనిని పక్కన పెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. బయట ఆయన్ని పట్టుకుని అడిగేశాను.

"సిమెంటు మీద అది తప్పని మీకు తెలుసు కదండీ. ఒక్కమాట ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?"

నీళ్ల సీసా మూత నింపాదిగా బిగించాడు.

"సిన్నప్పుడు వైజాగులో ఆడ్డానికెల్తే నాకూ ఇలాగే ఈలేసారు. ఇసక సెయ్యోడని అందరూ నవ్వినారు. నాకెవుడు సెప్పాడేటి?"

ఛీ, మనిషి పుట్టుకేనా! తనకు తగిలిన దెబ్బను ఇన్నేళ్లు దాచుకుని, తీసుకొచ్చి పసిదాని మీద వేశాడు.

ఆయన రాష్ట్ర రిఫరీ అయ్యాడు. పావని జీడిపిక్కలు కొడుతోంది. జీడి రసానికి దాని అరచేతులు నల్లగా కమిలిపోయాయి.

మొన్న ఆ తోట పక్కగా వస్తుంటే ఆయన గొంతు వినిపించింది. పావని చెల్లెలు భానుకి నేర్పుతున్నాడు. ఈ చుట్టుపక్కల ఇంకో మాస్టారు ఎవడున్నాడు గనక!

"అరసెయ్యి కిందెట్టవే."

ఉండబట్టలేక అరిచాను. "వద్దే భానూ! చెయ్యి పైన పెట్టి కొట్టు!"

భాను నా మాట విని పైనుంచి కొట్టింది. బంతి ఇసుకలో దిగబడి అక్కడే ఉండిపోయింది. పిల్లలు గొల్లున నవ్వారు. ప్రభాకరరావు ఈల ఊదాడు.

"ఫ్లోరెన్సు టీచరమ్మా, గీత బయట నిలబడండి."

భాను సిగ్గుపడుతూ బంతి తీసుకుంది. అరచెయ్యి కింద పెట్టింది.