కోటు వెనక తెల్లదారం

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉద్యోగానికి చేరిన తొలి చలికాలం, అందరిలా దూది పరుపులా ఉబ్బుగా ఉండే పఫర్ జాకెట్ వేసుకోనని పంతం పట్టి, పాతకాలపు దొరల ఫ్యాషన్‌లో మోకాళ్లు దాటే ఉన్ని కోటు కొన్నాను. వెనక, నడవడానికి వీలుగా కింద వదిలిన చీలిక దగ్గర తెల్లదారంతో ఇంటూ గుర్తులా ఒక కుట్టు ఉండేది. అదీ ఫ్యాషనే అనుకున్నాను. ఆఫీసుకీ, క్రిస్మస్ విందుకీ దాంతోనే వెళ్లాను.

ఫిబ్రవరిలో ఒకరోజు న్యూరెంబర్గ్ రైల్లో తలుపు దగ్గర నిలబడి ఉంటే, ఒక ముసలావిడ వెనకనుంచి భుజం తట్టింది. "ఒక్క నిమిషం కదలకండి" అని జర్మన్‌లో చెప్పి, సంచిలోంచి చిన్న కత్తెర తీసి ఆ కుట్టు కత్తిరించింది.

"చీలిక విచ్చుకోకుండా షాపువాళ్లు వేస్తారు. కొన్న రోజే తీసెయ్యాలి. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా?"

ఆవిడ నవ్వలేదు. దారం ముక్కలు నా అరచేతిలో పెట్టి, తన స్టేషన్ రాగానే దిగిపోయింది.

ఇంటికెళ్లి వాటిని నా రూమ్మేట్‌కి చూపించాను. వరంగల్ పిల్లవాడు, మాస్టర్స్ చదువుతున్నాడు.

"నాకు నవంబర్లనే తెలుసన్నా," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. "నువ్వు ఫీలైతవని చెప్పలే."

నవంబర్ నుంచి రోజూ పొద్దున బస్టాపు దాకా వాడు నా వెనకే నడిచేవాడు. రైల్లో ఆ ముసలావిడ నాతో వచ్చింది రెండు స్టేషన్లే.