రూల్‌బుక్‌లో లేని చెయ్యి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ సందేహానికైనా ఎక్కడో ఒక పెద్దమనిషి దగ్గర జవాబు ఉంటుందని, మర్యాదగా అడిగితే దాన్ని నాకొక్కదానికే చెబుతాడని. మస్కట్‌లో తొమ్మిదో తరగతి చదువుతూ మా బడి రోబో జట్టులో చేరినప్పటి మాట ఇది. (చేరాను అనడం కూడా గొప్పే. ఒకే వ్యాన్‌లో వెళ్ళే ముగ్గురం తెలుగువాళ్ళం కాబట్టి చేర్చుకున్నారు.) పన్నెండో తరగతి కెప్టెన్ అక్క ప్రోగ్రామ్ రాసేది. కడప నుంచి వచ్చిన స్క్రూగాడు మరలు బిగించేవాడు. నాకు రెండూ రావు గనక రూల్‌బుక్ నా చేతికిచ్చారు.

ఆట చిన్నదే. టేబుల్ అవతలి మూలనున్న ఆరు దిమ్మెల్ని రోబో ఇవతలి గడిలోకి తేవాలి. మొదలుపెట్టేటప్పుడు రోబో ఆ గడిలో పట్టాలని నాలుగో రూల్. మొదలయ్యాక పొడుగు పెరగొచ్చా? ఆ ఊసే లేదు. మా రోబోకేమో మడత చెయ్యి. బెల్ కొట్టగానే విప్పుకుని, ఉన్నచోటు నుంచే దిమ్మెలన్నీ ఊడ్చుకొచ్చేది.

"రాయలేదంటే చెయ్యొచ్చనేగా?" అంది అక్క.

"రాయలేదంటే చేయగూడదని గదక్కా!" అన్నాడు స్క్రూగాడు.

ఇద్దరూ నావైపు చూశారు. నేను రూల్‌బుక్ వైపు చూశాను. 'సందేహముంటే రిఫరీదే తుది నిర్ణయం' అంది అది. పోటీ రోజు రిఫరీ కాదన్నాడంటే మాకు సున్నా. అక్కకేమో అదే ఆఖరి ఏడు. నాకు అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పకుండా పోటీ పెట్టేవాళ్ళకు మెయిల్ రాశాను. మాటల్లో అర్థం కాదేమోనని స్కేలు పెట్టి, కొలతలతో సహా ఆ చెయ్యి బొమ్మ గీసి జతచేశాను. (డ్రాయింగ్‌లో నాకెప్పుడూ మంచి మార్కులే.)

'పెరగొచ్చు. బొమ్మ చాలా స్పష్టంగా ఉంది' అని జవాబొచ్చింది. ఎగిరి గంతేసి, అమెరాత్‌లో సైట్ ఫోర్‌మన్‌గా చేసే నాన్నకు చూపించాను.

"ఇది మీకొక్కళ్ళకే వచ్చిందా బిడ్డా?" అన్నాడు నాన్న. "మా దగ్గర టెండర్ల ఒక్క కంపెనీ డౌటు అడిగితే, జవాబు అందరికీ పోతది."

అప్పుడు చూశాను పైన, 'అన్ని జట్లకూ' అని. కిందికి జరిపితే నా బొమ్మ, నా కొలతలు. మర్నాడు వ్యాన్‌లో చెబితే అక్క "కొంప ముంచావు కదే!" అని ఒక్క మాటే అంది. ఆ తర్వాత పోటీ దాకా నాతో మాట్లాడలేదు.

పోటీ నిజ్వాలో. బెల్ కొట్టగానే పన్నెండు టేబుళ్ళ మీద పన్నెండు రోబోలు ఒక్కసారిగా చేతులు విప్పాయి. వాటిలో మాదేదో కాసేపు నాకే తెలియలేదు. మేం ఐదోవాళ్ళం. (నా కొలతల్ని మాకంటే శ్రద్ధగా పాటించిన జట్లు నాలుగున్నాయి మరి.) గెలిచింది ఖురియాత్ నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు. వాళ్ళలో ఒకమ్మాయి నలిగిన కాగితం పట్టుకుని, జట్టు జట్టునూ ఇంగ్లీషులో అడుగుతూ మా దగ్గరకొచ్చింది.

"ఈ బొమ్మ గీసిందెవరు? ఇది రాకపోతే మేం మానేసేవాళ్ళం."

నేను స్క్రూగాడి వెనక్కి తప్పుకున్నాను. అక్క నా రెక్క పట్టుకుని ముందుకు లాగి, "మా పిల్లే" అంది. ఆ అమ్మాయి నా చెయ్యి ఊపి షుక్రాన్ అంటూ థాంక్స్ చెప్పి వెళ్ళాక, "నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలీట్లేదే నాకు" అంటూ అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఏది దేనికో ఇప్పటికీ తేలలేదు.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు ఎదురుపడితే, అడగొద్దని మాత్రం చెప్పలేను. అడుగమ్మా, అంటాను. కొలతలు మాత్రం రాయకు.