మనవరాలి ఫైల్లో వచ్చిన అరుగు

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే, కలుపు పని ఎగ్గొట్టడానికి వేషాలని మొహానే అనేదాన్ని. చదివింది నాలుగో తరగతే అయినా, కళ్లతో చూడనిది ఒప్పుకోను. ఇది కళ్లతో చూశాను.

మా అబ్బాయి కూతురు హారిక గుంటూరులో, కంప్యూటర్‌లో ఇళ్ల బొమ్మలు గీసే ఉద్యోగం చేసేది. మా పెంకుటిల్లు తీసేసి కొత్తది కట్టాలనుకున్నప్పుడు బొమ్మ అదే గీసింది. తిప్పి చూపిస్తుంటే ఇంటి చుట్టూ నడిచినట్టే ఉండేది. పెరట్లో, వంటింటి గోడకు ఆనించి ఒక అరుగు పెట్టింది.

"ఇదెందుకే?" అన్నాను.

"నేల మీద కూర్చునేగా నానమ్మా, నువ్వు మిరపకాయలకు తొడిమలు తీసేది. రేపు మోకాళ్లు పట్టేస్తే?"

"నా మోకాళ్లు నీకంటే గట్టివిలే. సిమెంటు దండగ. తీసెయ్."

"తీసేశాలే, పిసినారి నానమ్మా!" అని నవ్వుతూ నా ఎదురుగానే చెరిపేసింది.

ఆ వానాకాలంలోనే డెంగీ జ్వరం వచ్చి హారిక పోయింది. ఇరవై నాలుగేళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లకు నా మోకాళ్లు వంగడం మానేశాయి.

ఏడాది తిరిగాక, దాని బొమ్మ ప్రకారమే ఇల్లు కట్టాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. హారిక ల్యాప్‌టాప్ తీసుకుని ఇద్దరం ఒక ఇంజనీరు దగ్గరికి వెళ్లాం. అది వాడిన సాఫ్ట్‌వేర్ వేరు, ఆయనది వేరు. అందులోంచి ఇందులోకి మార్చుకోవాలని, మార్చేటప్పుడు కొన్ని పోతాయని ముందే చెప్పాడు. గోడల రంగులు పోయాయి. కిటికీల ఊచలు పోయాయి. బొమ్మను పెరటి వైపు తిప్పాడు. అరుగు ఉంది.

చెరిపినదానికంటే ఎత్తుగా ఉంది. పట్టుకుని లేవడానికి పక్కన గోడకు ఒక కడ్డీ కూడా ఉంది. హారిక గీసినప్పుడు ఆ కడ్డీ లేదు. నా కాళ్లు ఇలా అవుతాయని దానికి తెలియదు.

నాకు ముందు పుట్టింది అనుమానం. పని పెంచుకోవడానికి ఇంజనీరే పెట్టాడనుకున్నాను.

"ఏమయ్యా, అడగని అరుగు ఎందుకు పెట్టావు?"

"నేను పెట్టలేదు మామ్మగారూ, ఒట్టు!" అని హారిక ల్యాప్‌టాప్‌లో అసలు బొమ్మ తెరిచి చూపించాడు. అందులో అరుగు లేదు.

"అయితే నా ఎదురుగా మళ్లీ మార్చు," అన్నాను.

మార్చాడు. రెండోది అదే పేరుతో మొదటిదాని మీద పడింది. ఈసారి అరుగు రాలేదు. మొదటిది తిరిగి తెమ్మంటే పోయిందన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చినా రాలేదు. మా అబ్బాయి లేచి బయటికి వెళ్లి నిలబడ్డాడు.

చెరిపింది ఎక్కడో మిగిలిపోయి ఉంటుందన్నాడు ఇంజనీరు. ఆ ఎత్తు, ఆ కడ్డీ ఎక్కడివంటే చెప్పలేకపోయాడు. మారేటప్పుడు పోవడం నాకు అర్థమవుతుంది. లేనిది రావడమే అర్థం కాలేదు.

ఇప్పుడు ఇల్లు పూర్తి కావస్తోంది. మొన్న మేస్త్రీ వచ్చి, పెరట్లో నేను కట్టమన్న అరుగు ఎంత ఎత్తు పెట్టమంటారని అడిగాడు. చేత్తో చూపించబోయి ఆగిపోయాను. సరిగ్గా ఎంతో గుర్తు లేదు. చూసింది ఒక్కసారే.

అది ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. నా మనవరాలు రెండుసార్లు పెట్టింది. రెండుసార్లూ నేనే తీయించాను.