ముందు ఫోటోలో మనిషి

ఆయన్ని ఆ వీధిలో అందరూ గాలి బాబాయ్ అనేవాళ్లు. సైకిళ్లకు గాలి కొడతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన అనుకునేవాడు. గాలి కబుర్లు చెబుతాడు కాబట్టి వచ్చిందని ఆయన భార్య అనేది. రెండూ నిజమే. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు పని అయిపోయాక కూడా కాసేపు బల్ల మీద కూర్చుని గానీ వెళ్లేవాడు కాదంటే, అది ఆ కబుర్ల మహిమే.

కూడలిలో మందుల షాపు గోడకు ఆనుకుని, రేకుల కప్పు కింద ఉండేది ఆయన కొట్టు. ఒక నీళ్ల తొట్టి, ఒక గాలి పంపు, ఒక చెక్కబల్ల, పైన దూలానికి వేలాడే పాత టైర్లు. ట్యూబును తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి, అక్కడ బొటనవేలు అదిమిపెట్టి, "దొరికావురా దొంగా!" అనేవాడు. ప్రతి పంక్చరుకీ అదే మాట, అదే సంబరం. కూతురు బడి నుంచి వచ్చి ఆ బల్ల మీదే కూర్చుని చదువుకునేది. ఆ పిల్ల పుస్తకాలన్నీ రబ్బరు సొల్యూషన్ వాసన వేసేవి. తోటి పిల్లలు ముక్కు మూసుకుంటే ఎందుకో అర్థమయ్యేది కాదు. ఆ పిల్లకు అది నాన్న వాసన.

రోడ్డు వెడల్పు చేస్తారని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. అంటున్నారులే అని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి కూతురు పదో తరగతి పరీక్ష రాసే రోజునే కొట్లు పడగొట్టడానికి వచ్చారు. ఆయన కూతుర్ని సైకిల్ మీద పరీక్ష హాలుకు తీసుకెళ్లి, అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడి, వెనక్కి తీసుకొచ్చేసరికి కొట్టు ఉన్నచోట మట్టి తప్ప ఏమీ లేదు. మందుల షాపాయన పుణ్యమా అని పంపూ తొట్టీ మాత్రం దక్కాయి. ఆయన ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. "పరీక్ష బాగా రాశావు కదా అమ్మడూ, అది చాలు" అన్నాడు. కానీ తర్వాత ఎప్పుడు ఆ ప్రస్తావన వచ్చినా ఒకే మాట అనేవాడు. "ఒక్కసారి చూసుకుని ఉంటే బాగుండేది. అన్నేళ్లు అక్కడే పడి ఉన్నాను, ఒక్క ఫోటో అయినా తీయించుకోలేదు చూడు. నా అంత తెలివితక్కువవాడు ఉండడు."

తర్వాత ఆయన ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా కుదిరాడు. వదులు చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ, వచ్చే పోయే కార్లకు గేటు తీయడం. కారులో ఉన్నవాళ్లు అద్దం దించి మాట్లాడరు కదా. నోరున్న మనిషికి అంతకు మించిన శిక్ష లేదు.

కూతురు యూనివర్సిటీలో అంతర్జాతీయ అభివృద్ధి అనే డిగ్రీలో చేరింది. సీటు అందులో వచ్చింది కాబట్టి చేరింది గానీ, చేరాక ఇష్టపడింది. అది చదివితే ఏ ఉద్యోగం వస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే యూనివర్సిటీలోనూ ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆయన మాత్రం దొరికిన ప్రతివాడికీ, "మా అమ్మాయి దేశాలను బాగుచేసే చదువు చదువుతోందండీ" అని చెప్పేవాడు.

"దేశాల సంగతి తర్వాత, ముందు మన కొళాయి బాగుచేయమనండి" అనేది భార్య, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండా.

మొదటి సంవత్సరంలోనే ఒక రోజు ప్రొఫెసర్ నగరాలు ఎలా మారతాయో చెబుతూ తెర మీద రెండు ఫోటోలు వేశాడు. ఒకదాని మీద 'ముందు' అని, రెండోదాని మీద 'తర్వాత' అని రాసి ఉంది. తర్వాత ఫోటోలో నున్నటి వెడల్పాటి రోడ్డు. ముందు ఫోటోలో రేకుల కప్పు, వేలాడే టైర్లు, తొట్టి మీదికి వంగి ట్యూబు పట్టుకున్న ఒక మనిషి. ఎవరో పిలిస్తే అప్పుడే తల ఎత్తినట్టు, నవ్వు మొహంతో.

ఆ అమ్మాయి చటుక్కున ముందుకు వంగింది. మా నాన్న అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే పక్కన కూర్చున్న స్నేహితురాలు, "పాపం, ఇలాంటి చోట ఎలా ఉండేవాళ్లే బాబూ" అని గొణిగింది. తెరిచిన నోరు మూసుకుంది. ఆక్రమణలు, రద్దీ, అనుమతి లేని వ్యాపారాలు అని ప్రొఫెసర్ చెప్పుకుపోతుంటే పొల్లుపోకుండా రాసుకుంది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ తొట్టి ముందున్న మనిషికి ఒక కూతురు ఉండొచ్చని, ఆ కూతురు తన ఎదురుగానే కూర్చుని ఉండొచ్చని ఆయనకు తట్టలేదు, అంతే.

పాఠంతో పాటు ఆ ఫోటో అందరి ఫోన్లకూ వచ్చింది. తరగతిలో అదొక వేళాకోళం అయిపోయింది. ఎవరైనా తల దువ్వుకోకుండా వస్తే, "ఏంట్రా, ముందు ఫోటోలా తయారయ్యావ్?" అనేవాళ్లు. ఒకసారి క్యాంటీన్‌లో అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. నవ్వి, పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయింది.

ఇంటికి వస్తే నాన్న ఎదురొచ్చి అడిగేవాడు. "ఇవాళ ఏం చెప్పారమ్మడూ?"

"రోడ్ల గురించి నాన్నా."

"మంచిదేగా. రోడ్లుండాలి."

ఫోన్ తీసి ఆయన చేతిలో పెడితే అయిపోయేది. ఎన్నోసార్లు అనుకుంది. కానీ నాన్న సంగతి ఆమెకు తెలుసు. ఆ ఫోటో చూశాడంటే మరునాడే ఉతికిన చొక్కా వేసుకుని యూనివర్సిటీకి వచ్చేస్తాడు. ఆ ఫోటో తీసిన పుణ్యాత్ముడెవరో చూపించమంటాడు. కనబడిన ప్రతివాడికీ అది నేనేనండీ అని చెబుతాడు. ఆ తర్వాత క్యాంటీన్‌లో ఎవరి ముఖం చూస్తుంది? చదువు అయిపోనీ, అప్పుడు చూపిస్తాను, అప్పుడు ఎవరు నవ్వితే నాకేంటి అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

రెండో సంవత్సరంలో ఒక రోజు ఆయన గేటు పక్కన గోడకు ఆనించిన పొడవాటి చీపురుతో, "ఏంటి సార్, ఎండలో నిలబడ్డారు, ఇలా నీడకు రండి" అన్నాడు. ఇంటికి వచ్చి ఆయనే ఆ సంగతి చెబితే ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు. కొన్నాళ్లకు కళ్ల డాక్టరు చెప్పిన మాటతో ఆ నవ్వంతా ఎగిరిపోయింది. షుగర్ కళ్లకు పాకిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టడానికి చూద్దామని అన్నాడు. నిలబెడతామన్నారు కదా అని ఆ ఒక్క మాటే పట్టుకుంది కూతురు. అంతలో పరీక్షలు వచ్చిపడ్డాయి. పరీక్షలయ్యి సెలవులు ముగిసేసరికి ఆయనకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. వాచ్‌మన్ పనీ పోయింది. ఇక ఇప్పుడు చెప్పడం కన్నా చెప్పకపోవడమే నయమనుకుంది.

మూడో సంవత్సరం చివర్లో పిల్లలు తమ ప్రాజెక్టులు చెప్పే రోజున తల్లిదండ్రులను కూడా పిలిచారు. కూతురు ఆ సంగతి దాటవేయాలని చూసింది. వాళ్లమ్మ ఊరుకోలేదు. "కనబడకపోతే ఏం, చెవులు బంగారంలా ఉన్నాయి కదా. నీ మాట వింటారు" అంది. ఆయన భార్య భుజం పట్టుకుని, హాల్లోకి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, కూతురి పక్కన కూర్చున్నాడు.

ప్రొఫెసర్ లేచి, ఈ మూడేళ్లలో పిల్లలు ఏమేం నేర్చుకున్నారో చెబుతూ మీట నొక్కాడు. తెర మీద ముందు ఫోటో వచ్చింది. వెనక వరుసల్లో పాత నవ్వే మళ్లీ వినబడింది.

వాళ్లమ్మ బిగుసుకుపోయింది. ఆ కొట్టు ఆమెకు తెలియకపోవడమేంటి, ఎన్నేళ్లు అక్కడికి అన్నం తీసుకెళ్లిందో! తెర వైపు నుంచి కూతురి వైపు తిరిగింది. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు. కూతురికి ముందే తెలుసని అర్థమైంది.

"ఎందుకమ్మడూ అందరూ నవ్వుతున్నారు? ఏం చూపిస్తున్నారు?" అన్నాడు ఆయన మెల్లగా.

"ఎవరిదో సైకిల్ కొట్టు నాన్నా. రోడ్డు వేయకముందుది."

"అవునా!" అని కాస్త ముందుకు జరిగాడు. "ఆయనదీ పడగొట్టేశారా? పాపం, ఎవరో మనలాంటివాడే."

ఆ మాటతో ఆమెకు ఇక కూర్చోవడం చేతకాలేదు. లేచి నిలబడింది. "మన కొట్టే నాన్నా అది. అందులో ఉన్నది నువ్వే" అంది. గొంతు అదుపు తప్పి ఆ మాట హాలంతా వినబడింది. నవ్వులు ఆగిపోయాయి. ప్రొఫెసర్ మీట మీద వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మనదా?" ఆయన మొహం వెలిగిపోయింది. కళ్లు తుడుచుకుని తెర వైపు అనుకుని కిటికీ వైపు తిరిగాడు. అక్కడే వెలుగు ఎక్కువగా ఉంది మరి. "తొట్టి ఉందా?"

"ఉంది నాన్నా. బల్ల కూడా ఉంది. పైన టైర్లున్నాయి."

"నేనేం చేస్తున్నాను?"

"ట్యూబు పట్టుకుని ఉన్నావు. ఎవరో పిలిస్తే తల ఎత్తావు. నవ్వుతున్నావు."

"చొక్కా?"

"నీలం గళ్లది."

"మీ అమ్మ కుట్టిందే." చేత్తో భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "చూశావా, మన కొట్టుకు ఫోటో ఉంది. నేను లేదనుకుంటూ కూర్చున్నాను. ఇవాళే దొరికిందా అమ్మడూ?"

అవునంటే సరిపోయేది. వాళ్లమ్మ కూడా కాదనేది కాదు. కానీ ఆ మొహం ముందు అబద్ధం నోట్లోంచి రాలేదు.

"లేదు నాన్నా. మొదటి సంవత్సరం నుంచీ నా ఫోన్లోనే ఉంది."

ఆయన కిటికీ వైపే చూస్తూ వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు.

"మొదటి సంవత్సరమంటే..." అన్నాడు. "అప్పటికి నాకు బాగానే కనబడేది కదమ్మా."

కోపంగా అనలేదు. గుర్తు తెచ్చుకుంటున్నట్టు అన్నాడు. కోప్పడి ఉంటే ఆమె బతికిపోయేది.